తాళం తిప్పితే సెల్ఫ్ తిరగని పాత కారు: కొత్త సామాన్లు కొనే ముందు కొలిచి చూసే పద్ధతి

నార్కట్‌పల్లి దగ్గర చెర్వుగట్టు మీద అమావాస్య నాడు బండి మొరాయించిందంటే సలహాలకు కొదవ ఉండదు. నా మారుతి 800 అక్కడే ఆగింది. తాళం తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు, అంతే. ఒకాయన బ్యాటరీ పోయిందన్నాడు. ఇంకొకాయన సెల్ఫ్ మోటార్ కాలిందన్నాడు. మూడో ఆయన ఏమీ అనకుండా వెనక్కి వెళ్లి నూకడానికి చేతులు ఆనించాడు. ఆ రోజు పనికొచ్చింది ఆయనే. గట్టు దిగే దారి కాబట్టి నాలుగు బారలు నూకగానే బండి అందుకుంది.

మర్నాడు నల్లగొండలో ఒక షాపు వాళ్లు చెబితే కొత్త బ్యాటరీ వేయించాను. పది రోజులకు మళ్లీ అదే టక్. ఇంకోచోట సెల్ఫ్ మోటార్ మార్పించాను. నెల తిరగకముందే మళ్లీ అదే. చివరికి తప్పు ఎక్కడ దొరికిందంటే, గేర్‌బాక్సుకూ బాడీకీ మధ్య ఉండే జానెడు ఎర్త్ పట్టీలో, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరే దారిలో. బోల్టు విప్పితే కింద తుప్పు పొర. ఎమరీ కాగితంతో రుద్ది బిగిస్తే పదిహేను నిమిషాల పని అయిపోయింది. తీసేసిన పాత బ్యాటరీ, పాత మోటార్ రెండూ మంచివే!

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. అంబాసిడర్ కూడా అదే ఏడాది. ఇలాంటి బండ్లలో సామాన్ల కంటే వాటిని కలిపే అతుకులు ముందు చెడతాయి. అందుకే కింద చెప్పే వరుసలో అతుకులు ముందుంటాయి, మోటార్ దాదాపు చివర్లో ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

అసలు మీ బండి జబ్బు ఇదేనా? సెల్ఫ్ ‘గిర్ర్ గిర్ర్’మని తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోతే అది పెట్రోలు, ప్లగ్గు నిప్పురవ్వ, గాలి తాలూకు గొడవ. దానికి ఈ దారి పనికిరాదు. ఇంజన్ కదలనే కదలకపోతేనే ఇది చదవండి.

10, 12 నంబరు పానాలు, ఎమరీ కాగితం, ఒక మల్టీమీటర్, రెండు చివర్లా క్లిప్పులున్న మీటరు పొడవు వైరు, తాళం తిప్పడానికి ఒక తోడు మనిషి కావాలి. మల్టీమీటర్ ఖరీదైనది అక్కర్లేదు, మామూలుది చాలు. గేరు న్యూట్రల్‌లో ఉంచండి, హ్యాండ్‌బ్రేక్ లాగండి, చక్రం కింద రాయి పెట్టండి. పెట్రోలు వాసన వస్తుంటే ఏ వైరూ ముట్టుకోకండి. ఉంగరం, చేతి గడియారం తీసి జేబులో వేసుకోండి. పానా బ్యాటరీ ప్లస్‌కూ బాడీకీ ఒకేసారి తగిలితే ఎర్రగా కాలిపోతుంది, మధ్యలో ఉంగరం ఉంటే వేలు దక్కదు.

మెట్టు 1: చప్పుడు వినండి

అద్దాలు దించి, పాటలు ఆపి, తాళం తిప్పి మూడు సెకన్లు పట్టుకోండి.

‘టకటకటకటక’మని వరుసగా కొట్టుకుంటే దాదాపుగా బ్యాటరీ బలం చాలడం లేదు, లేదా దాని టర్మినల్ వదులుగా ఉంది. సెల్ఫ్ మీదుండే సోలెనాయిడ్, అంటే మోటార్‌కు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్, పట్టుకుంటుంది, మోటార్ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోయి వదిలేస్తుంది, వదలగానే వోల్టేజి లేచి మళ్లీ పట్టుకుంటుంది. ఆ పోరాటమే మీరు వినే టకటక.

గట్టిగా ఒక్కటే ‘టక్’ అంటే సోలెనాయిడ్ పనిచేసింది గానీ మోటార్ తిరగలేదు. పెద్ద కేబుళ్లు, ఎర్త్, సోలెనాయిడ్ లోపలి రాగి ముక్కలు, మోటార్ కార్బన్లు (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు), అరుదుగా బిగుసుకుపోయిన ఇంజన్... ఇందులో ఏదో ఒకటి.

ఏ చప్పుడూ లేకపోతే తాళం నుంచి సోలెనాయిడ్‌కు వెళ్లే చిన్న వైరు దారిలో వెతకాలి, లేదా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉండాలి.

‘జుయ్’మని మోటార్ ఒక్కటే తిరిగి ఇంజన్ కదలకపోతే పళ్ల చక్రం, అంటే బెండిక్స్, ఇంజన్ పెద్ద చక్రమైన ఫ్లైవీల్‌ను అందుకోవడం లేదు. అది మోటార్ దింపాల్సిన పని, ఇంట్లో తేలదు.

మెట్టు 2: హెడ్‌లైట్ వేసి తిప్పండి

బండిని గోడకు ఎదురుగా పెట్టి హెడ్‌లైట్లు వేయండి. తోడు మనిషిని తాళం తిప్పమని గోడ మీది వెలుతురు చూడండి. లైటు బాగా మసకబారితే బ్యాటరీ నీరసంగా ఉంది, లేదా మోటారో ఇంజనో బిగుసుకుంది. లైటు ఒక్కసారిగా ఆరిపోయి, తాళం వదిలాక మెల్లగా వస్తే టర్మినల్ దగ్గరే అతుకు చెడింది. లైటు ఏమాత్రం తగ్గకపోతే మోటార్‌కు కరెంటే చేరడం లేదు, కొత్త బ్యాటరీ కొన్నా లాభం లేదు.

ఇక్కడ ఒక మాట. ‘హారన్ బాగానే మోగుతోంది, బ్యాటరీకేం కాలేదు’ అని చాలామంది అంటారు. నేనూ అన్నాను. లెక్క వేస్తే అందులో పొరపాటు తెలుస్తుంది. 60 వాట్ల హెడ్‌లైట్ లాగేది 5 ఆంపియర్లు. చిన్న పెట్రోలు కారు సెల్ఫ్ లాగేది 100 ఆంపియర్లకు పైమాటే, సుమో లాంటి డీజిల్ బండికి దానికి రెండు మూడింతలు. టర్మినల్ దగ్గర తుప్పు వల్ల 0.02 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకోండి. లైటు వేస్తే అక్కడ పోయేది 0.1 వోల్టు, ఎవరి కంటికీ ఆనదు. అదే సెల్ఫ్ కొడితే 2 వోల్టులు అక్కడే ఆవిరి. పైగా ఆ చిన్న అతుకులో 200 వాట్ల వేడి పుడుతుంది. అందుకే మీటరు లేనివాళ్లకు ఒక చిట్కా: రెండు మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, వెంటనే టర్మినళ్లను, కేబుల్ చివర్లను ఒక్కొక్కటిగా వేలితో తాకి చూడండి. ఏది వేడిగా ఉందో దొంగ అదే. మెల్లగా తాకండి, ఒక్కోసారి చురుక్కుమంటుంది.

మెట్టు 3: టర్మినళ్లు, బ్యాటరీ నీళ్లు

టర్మినల్ మీద తెల్లగా, నీలంగా బూజులా పేరుకున్న పొడిని వంట సోడా కలిపిన వేడినీళ్లతో కడగండి. సోడా నీళ్లు బ్యాటరీ మూతల్లోకి పోకూడదు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. పైకి శుభ్రంగా కనిపించినా విప్పి చూడాల్సిందే, ఎందుకంటే క్లాంపు లోపలి గోడకూ సీసపు కడ్డీకీ మధ్య నల్లటి పొర పేరుకుంటుంది, కరెంటును ఆపేది అదే. రెండింటినీ మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కొంచెం వాజిలిన్ పూయండి. బిగించాక చేత్తో మెలిపెడితే క్లాంపు అంగుళం కూడా తిరగకూడదు. కొందరు వదులు పోవడానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుడతారు. ఇంటికి చేరడానికి పర్వాలేదు, అలాగే వదిలేయకండి.

ఇక నీళ్లు. మూతలు తీసే బ్యాటరీ అయితే పలకలు మునిగి, వాటిపైన ఒక సెంటీమీటరు దాకా ద్రవం ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి, యాసిడ్ కాదు. నల్లగొండ, మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్ల సంగతి వేరే చెప్పాలా! ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, ‘నల్లగొండ టెక్నిక్’ అని. మన బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, సున్నపు లవణాలు, ఇనుము, క్లోరైడ్లు కూడా ఉంటాయి. అవి పలకల మీద చేరి బ్యాటరీని లోపలి నుంచి తినేస్తాయి. కాచి చల్లార్చిన బోరు నీళ్లూ అంతే, కాచితే లవణాలు పోవు. 20 లీటర్ల క్యాన్ నీళ్లు తాగడానికి బాగుంటాయి గానీ బ్యాటరీకి పనికిరావు.

మన దగ్గర బ్యాటరీని చంపేది ఎండే. మే నెలలో బానెట్ కింద వేడికి నీళ్లు ఇగిరిపోతాయి, పలకలు దెబ్బతింటాయి. చావు కబురు మాత్రం డిసెంబరు తెల్లవారుజామున తెలుస్తుంది, చలికి ఇంజన్ ఆయిలు చిక్కబడి సెల్ఫ్ ఎక్కువ బలం అడిగినప్పుడు.

మెట్టు 4: మీటరుతో కొలవండి

బండి కనీసం రెండు మూడు గంటలు ఆగి ఉన్నాక మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, సూదులను క్లాంపులకు కాకుండా సీసపు కడ్డీలకే ఆనించండి. 12.6 చూపితే బ్యాటరీ నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువైతే ముందు చార్జింగ్ పెట్టించండి, మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. నీరసంగా ఉన్న బ్యాటరీతో చేసే ఏ పరీక్షా నిజం చెప్పదు.

ఇప్పుడు సూదులు అక్కడే ఉంచి సెల్ఫ్ కొట్టించండి. 9.6 పైన నిలబడితే బ్యాటరీ మీద అనుమానం వదిలేయండి. 12.6 ఉన్నది 6కో 7కో జారితే బ్యాటరీ లోపల ఏదో సెల్ పోయింది, లేదా మోటార్ షార్ట్ అయింది, లేదా ఇంజన్ బిగుసుకుంది. ఏ బ్యాటరీ షాపులోనైనా లోడ్ టెస్టర్ పెట్టి రెండు నిమిషాల్లో తేలుస్తారు. టక్ అంటున్నా వోల్టేజి 12.4 దగ్గరే ఉండిపోతే కరెంటు దారి ఎక్కడో తెగింది.

దారి ఎక్కడ తెగిందో పట్టే పరీక్ష ఇది. నాకు ముందే తెలిసి ఉంటే ఒక బ్యాటరీ, ఒక మోటార్ డబ్బులు మిగిలేవి. మీటరు నల్ల సూది బ్యాటరీ మైనస్ కడ్డీ మీద, ఎర్ర సూది ఇంజన్ మీద రంగులేని ఇనుము మీద. తాళం తిప్పించండి. మీటరు 0.2, 0.3 దాకా చూపితే మంచిదే. అర వోల్టు దాటితే ఎర్త్ చెడింది. నా బండిలో 3 చూపింది. అలాగే ప్లస్ వైపు: ఎర్ర సూది బ్యాటరీ ప్లస్ కడ్డీ మీద, నల్ల సూది సెల్ఫ్ మీదుండే లావు బోల్టు మీద, బ్యాటరీ నుంచి కేబుల్ వచ్చి చేరే చోట. అక్కడ అర వోల్టు లోపు ఉండాలి. ఎక్కువుంటే కేబులో, దాని చివర బోల్టుకు పట్టే లోహపు రింగో (లగ్) పాడైంది. చూడ్డానికి నిగనిగలాడే కేబుల్ లోపల తీగలు పచ్చబారి పొడి అయిపోయి ఉండొచ్చు. బ్యాటరీ దగ్గర వంచి చూస్తే కరకరమంటుంది.

ఒక జాగ్రత్త. కరెంటు పారుతున్నప్పుడే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది. తాళం తిప్పితే టక్ కూడా రాని బండిలో మీటరు సున్నా చూపిందని ఎర్త్ బాగుందనుకోకండి, అక్కడ ఏమీ పారడం లేదు కాబట్టే సున్నా.

మీటరు లేకుండా దారి మధ్యలో ఆగిపోతే జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజన్ ఇనుముకు పట్టించి సెల్ఫ్ కొట్టండి. తిరిగితే తప్పు ఎర్త్‌దే. ఇంకో గుర్తు కూడా ఉంది. ఇంజన్‌కు ఎర్త్ సరిగా లేనప్పుడు కరెంటు చోక్ కేబుల్ ద్వారానో, యాక్సిలరేటర్ కేబుల్ ద్వారానో దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ సన్నటి కేబుల్ వేడెక్కినా, పొగ వచ్చినా ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

మెట్టు 5: టక్ కూడా రాకపోతే

ముందు ఫ్యూజులు చూడండి. ఆటోమేటిక్ బండి అయితే గేరు పార్క్ నుంచి న్యూట్రల్‌కు మార్చి ప్రయత్నించండి, పార్క్ దగ్గర గేరును గుర్తించే స్విచ్ అరిగి ఉండొచ్చు. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తీసుకునే బండి అయితే పెడల్ పైన ఉండే చిన్న స్విచ్ చూడండి.

ఎలుకలను మరచిపోవద్దు. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల దగ్గర, వడ్ల బస్తాలున్న కొట్టం పక్కన బండి పెట్టేవాళ్లకు ఇది అనుభవమే. బానెట్ తీసి వైర్ల మీద పళ్ల గాట్లు, పీచు, గింజల పొట్టు ఉన్నాయేమో వెతకండి.

తర్వాత అసలు పరీక్ష. సోలెనాయిడ్ మీద రెండు లావు బోల్టులు కాకుండా సన్నటి వైరు వచ్చే పిన్ ఒకటి ఉంటుంది. తోడు మనిషి తాళం పూర్తిగా తిప్పి పట్టుకున్నప్పుడు ఆ వైరు దగ్గర ఎన్ని వోల్టులున్నాయో చూడండి. 10 పైన ఉండి కూడా టక్ రాకపోతే సోలెనాయిడ్ పోయినట్టే. వోల్టేజి రాకపోతే, తాళం ఆపేసి, న్యూట్రల్ మరోసారి సరిచూసుకుని, బ్యాటరీ ప్లస్ నుంచి మీ వైరుతో ఆ సన్న పిన్‌కు ఒక్క క్షణం తాకించండి. సెల్ఫ్ తిరిగిందంటే మోటార్ మంచిదే, తప్పు ఇగ్నిషన్ స్విచ్‌లోనో దారిలోని వైరులోనో ఉంది. ఈ పని చేసేటప్పుడు బండి ముందుగానీ కిందగానీ ఎవరూ ఉండకూడదు. గేరులో ఉన్న బండి ఎగిరి ముందుకు దూకుతుంది.

వేడికి మొరాయించే బండ్ల కథ కూడా ఇక్కడిదే. హైదరాబాద్ నుంచి ఎండలో వచ్చి చిట్యాలలో టీకి ఆపుతారు, తిరిగి తాళం తిప్పితే చప్పుడుండదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు తిరుగుతుంది. రాగి 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కితే దాని నిరోధం సుమారు 30 శాతం పెరుగుతుంది. సైలెన్సర్ పైపు పక్కనే ఉన్న సోలెనాయిడ్ చుట్టలో ఆ మేరకు లాగే బలం తగ్గుతుంది. అందులోనూ కొన్ని పాత బండ్లలో సోలెనాయిడ్ కరెంటంతా ఇగ్నిషన్ స్విచ్ గుండానే పోతుంది. పట్టుకునే క్షణంలో అది 30 ఆంపియర్లు దాటొచ్చు. ఇరవై ఏళ్లు అరిగిన స్విచ్ పాయింట్లలో ఒకటి రెండు వోల్టులు పోతే ఇక లాగడానికి ఏముంటుంది?

దీనికి చవకైన మందు రిలే, అంటే కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్. నాలుగు పిన్నుల 40 ఆంపియర్ల రిలే తీసుకుని, తాళం నుంచి సోలెనాయిడ్‌కు వెళ్లే పాత వైరును 86 నంబరు పిన్‌కు ఇవ్వండి. 85ను ఎర్త్ చేయండి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా లావు వైరు 30కి, 87 నుంచి సోలెనాయిడ్ సన్న పిన్‌కు. ఇప్పుడు తాళం మోసేది రిలే లాగే కొద్ది కరెంటే. నమ్మకమున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇది గంట పని. వేడి మోటార్ మీద చన్నీళ్లు మాత్రం గుమ్మరించకండి.

మెట్టు 6: టక్ అంటుంది, అతుకులన్నీ మంచివే

ఇక మోటార్ వంతు వచ్చింది. సోలెనాయిడ్ రెండు లావు బోల్టుల్లో ఒకటి బ్యాటరీ నుంచి వచ్చేది, రెండోది మోటార్ లోపలికి వెళ్లేది. తాళం తిప్పించి రెండో బోల్టుకూ ఇంజన్ ఇనుముకూ మధ్య కొలవండి. టక్ అన్నా అక్కడ సున్నా ఉంటే సోలెనాయిడ్ లోపలి రాగి ముక్కలు కాలిపోయాయి. మొత్తం మోటార్ అక్కర్లేదు, సోలెనాయిడ్ ఒక్కటే మార్చొచ్చు. అక్కడ 10 వోల్టులున్నా మోటార్ కదలకపోతే కార్బన్లు అరిగాయి. అప్పుడు తోడు మనిషి తాళం పట్టుకుని ఉండగా పానా పిడితో మోటార్ ఒంటి మీద మెల్లగా రెండు దెబ్బలు వేస్తే చాలాసార్లు తిరుగుతుంది. తిరిగిందని సంబరపడి ఊరుకోకండి, నేరుగా ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయి కార్బన్లు, బుష్‌లు మార్పించండి. రెండు లావు బోల్టులను స్క్రూడ్రైవర్‌తో కలిపి చూడటం మన మెకానిక్‌ల అలవాటు. నిప్పులు కురుస్తాయి. మీరు చేయొద్దు, మీటరు అదే సంగతి చెబుతుంది.

ఇంజనే బిగుసుకుందా అని తేల్చాలంటే తాళం తీసేసి, 4వ గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. బరువుగానైనా ఇంజన్ తిరుగుతూ బండి కదిలితే బిగుసుకోలేదు. పళ్ల చక్రం ఇరుక్కుపోయి ఉంటే ఈ ఊపుడికే వదిలేస్తుంది. రాయిలా కదలకపోతే, అదీ వానాకాలంలో వాగు దాటాకైతే, సెల్ఫ్ కొట్టకండి, నూకకండి. సిలిండర్‌లో నీళ్లున్నప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గులు విప్పించి నీళ్లు తీయించాలి.

దారి మధ్యలో: జంప్, నూకుడు

65వ నంబరు జాతీయ రహదారి మీద చేయెత్తితే లారీ డ్రైవర్లు ఆగి సాయం చేస్తారు. కానీ పెద్ద లారీలు, బస్సులు 24 వోల్టుల మీద నడుస్తాయి. ఆ బ్యాటరీల జతకు మీ కారును కలిపితే బల్బులతో మొదలై కంప్యూటర్ దాకా కాలిపోతాయి. ఇంకో కారో, ట్రాక్టరో చూసుకోండి. మామూలు ట్రాక్టర్లు 12 వోల్టులవే, వాటి బ్యాటరీ కారు దానికంటే బలమైనది. చేను గట్టున ట్రాక్టర్ కనిపిస్తే మొహమాటపడకుండా ‘అన్నా, జర కరెంట్ ఇస్తవా’ అని అడగండి.

ఎర్ర కేబుల్ ముందు మీ ప్లస్‌కు, తర్వాత వాళ్ల ప్లస్‌కు. నల్ల కేబుల్ వాళ్ల మైనస్‌కు, దాని చివరి కొన మీ బ్యాటరీకి కాకుండా దూరంగా ఇంజన్ ఇనుముకు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉండొచ్చు, చివరి నిప్పురవ్వ అక్కడ పడకూడదు. ఐదు నిమిషాలు ఆగి కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకు మించి వద్దు, మధ్యలో కనీసం ఒక నిమిషం విరామం ఇవ్వండి.

నూకడానికి తాళం ఆన్ చేసి, 2వ గేరు వేసి, క్లచ్ తొక్కి ఉంచి, బండి మనిషి పరుగు వేగం అందుకున్నాక క్లచ్ ఒక్కసారి వదిలి, అందుకోగానే మళ్లీ తొక్కండి. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు బ్రేకుకు బూస్టర్ సాయం ఉండదు, గట్టిగా తొక్కాలి. గట్టు దిగుతూ చేస్తే ఇది గుర్తుండాలి. కార్బొరేటర్ బండి కొద్దిపాటి బ్యాటరీతోనే అందుకుంటుంది. ఎంపీఎఫ్ఐ బండికి, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేదానికి, పెట్రోలు పంపు తిరిగేంత కరెంటైనా లేకపోతే ఎంత నూకినా చెమటే మిగులుతుంది. ఆటోమేటిక్ అయితే ఆ ప్రయత్నమే వద్దు.

స్టార్ట్ అయ్యాక

ఇంజన్ ఆపకుండా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమో పనిచేస్తోంది. 13 దగ్గరే ఉంటే బెల్టు చూడండి. 15 దాటితే రెగ్యులేటర్ చెడి బ్యాటరీ నీళ్లను మరిగిస్తోంది.

అన్నీ బాగుండి కూడా రెండు రోజులు ఆగిన బండి మళ్లీ టకటక అంటే కరెంటు ఎటో కారుతోంది. తాళం తీసి, తలుపులు వేసి, మైనస్ క్లాంపు విప్పి, మీటరును 10 ఆంపియర్ల మీద పెట్టి కడ్డీకీ క్లాంపుకూ మధ్య కలపండి. మీటరు అలా ఉండగా సెల్ఫ్ కొట్టారంటే మీటరు కాలిపోతుంది. పాత బండిలో 0.05 ఆంపియర్ల లోపు ఉండాలి. నాకు తెలిసినాయన బండిలో అర ఆంపియర్ చూపింది. అర ఆంపియర్ అంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు, 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీ మూడు రోజుల్లో ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకుతూ పోయినా ఆ అంకె తగ్గలేదు. చివరికి పాటల డబ్బా బిగించినవాళ్లు ఫ్యూజు పెట్టెను వదిలేసి, నేరుగా బ్యాటరీ నుంచే వైరు లాగి ఉన్నారు. ఆ వైరు విప్పగానే మీటరు 0.02కు దిగింది.